కుజుడి మీద ఎద్దు

కర్నూలు,
12-8-1956.

అక్కా,

మీ క్షేమం, మా క్షేమం, వానల సంగతి అన్నీ చివర రాస్తాను. ముందు అసలు మాట చెప్పకపోతే నాకు ఊపిరాడదు. కుజుడి మీద ఎద్దు ఉంది.

నీ తమ్ముడికి మతి పోయిందనుకోకు. మా హెడ్మాస్టరు దావీదురాజు గారి గురించి ఇదివరకే చెప్పాను కదా, సెలవు వస్తే గుట్టల వెంట తిరిగి పాతకాలపు రాతి గొడ్డళ్లు ఏరుకొచ్చే మనిషి. ఆయన గదిలో ఒక పొడుగాటి పెట్టె ఉంది. తెల్లవాళ్ల కాలంలో ఎవరో దొర మా బడికి ఇచ్చిపోయిన ఇత్తడి దుర్భిణి అందులో ఉంది. ఈ ఏడు కుజుడు భూమికి బాగా దగ్గరికి వస్తున్నాడట. మళ్లీ ఇంత దగ్గరికి రావాలంటే చాలా ఏళ్లు పడుతుందట. "గోపన్నా, నేను చూస్తే ఉట్టి మచ్చలే. నీది బొమ్మలేసే చెయ్యి, నువ్వు చూడు" అని పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టారు. డ్రాయింగు మాస్టరుకు ఇన్నాళ్లకు ఒక గౌరవం దక్కింది.

భోజనాలయ్యాక మిద్దె మీద దుర్భిణి నిలబెట్టి చూస్తున్నాను. మొదటి రోజు ఏమీ తెలియలేదు. రేగుపండంత ఎర్రటి ఉండ, నీళ్లలో ఉన్నట్టు వణుకుతూ ఉంది. ఒక అంచున సున్నపు బొట్టు పెట్టినట్టు తెల్లగా ఉంది, అది మంచట. తర్వాత తర్వాత నల్లటి మచ్చలు తెలియడం మొదలైంది. మొన్న గాలి నిలిచిపోయి ఆ ఉండ కదలకుండా నిలబడింది. అప్పుడు కనిపించిందక్కా మూపురం. మూపురం కింద నిండైన వీపు, ముందుకు సాగిన తల, పైకి లేచిన రెండు కొమ్ములు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, చెయ్యి గీసేసింది.

ఆ ఎద్దు ఏదో నీకు చెప్పాలా? జాజుగుట్ట మీద ఒంటరిగా నిలబడిన పెద్ద రాతి గుండు ఉంది చూడు, మేకలు తోలుకుపోయినప్పుడు వాన వస్తే మనం దూరేవాళ్లం, దాని చూరు కింద ఎర్రగా గీసిన ఎద్దు అది. అదే మూపురం, అవే కొమ్ములు. బొగ్గు చేతబట్టి నేను మొదట గీసిన బొమ్మ అదే. "కొమ్ములు ఇంకా పైకి పెట్టరా" అని నువ్వు నా నెత్తిన మొట్టేదానివి. ఈ రోజు నలుగురు పిల్లలకు గీత నేర్పి అన్నం తింటున్నానంటే నాకు గురువు ఆ ఎద్దే. దాన్ని ఎవరు గీశారో, ఎన్ని వేల ఏళ్ల కిందట గీశారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అదే ఎద్దు, దేశమంత పెద్దది, ఆకాశంలో నిలబడి ఉంది. అక్కడ దాన్ని ఎవరు గీసినట్టు? నాకు నిద్ర పట్టడం లేదు.

హెడ్మాస్టరు గారు నవ్వలేదు. "ఆ గుండు మీద బొమ్మకు నకలు తెప్పించు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. సరిపోతే నేనే మద్రాసు పత్రికకు వ్యాసం రాస్తా" అన్నారు. కుజుడు కూడా తిరుగుతూ ఉంటాడు కాబట్టి, ఎద్దు ఉన్న ముఖం మళ్లీ మనవైపు రావడానికి నెలకు పైగా పడుతుందట. ఆలోగా నకలు నా చేతిలో ఉండాలి. పల్చటి కాగితం, ఎర్ర పెన్సిలు పంపుతున్నాను. కాగితం రాతి మీద ఆనించి, కింద కనిపించే గీతను పైన అచ్చం దిద్దాలి. నేను గీసిన కుజుడి బొమ్మ కూడా ఇందులోనే పెట్టాను. చూసి నీకేమనిపించిందో రాయి.

కాగితం అయిపోయింది.

నీ తమ్ముడు,
గోపన్న


గుట్టకిందపల్లె,
18-8-1956.

ఒరే గోపన్నా,

ముద్దనూరు నుంచి టపా మనిషి నీ ఉత్తరం తెచ్చేటప్పటికి నేను కొట్టంలో పేడ ఎత్తుతాండా. కర్నూల్లో ఎవరికేమయిందో అని చేతులు కూడా కడుక్కోకుండా చింపినా. తీరా చూస్తే ఆకాశంలో ఎద్దు. క్షేమం చివర రాస్తానంటివి, చివర కాగితం అయిపోయిందంటివి. నీ పెండ్లాం బతికుండాదో లేదో నేను ఎవరినడగాల?

బొమ్మ చూసినా. అది ఎద్దు కాదురా, చేటతో జొన్నలు చెరుగుతాండే ఆడమనిషి. ఆ తెల్లబొట్టు ఎగిరిపోయిన తాలు. మా ఆడబిడ్డ నాగలక్ష్మికి చూపిస్తే అదీ ఆడమనిషే అనింది. మీ బావ చూసి "ఇది పుచ్చిన చెనిక్కాయ" అని నీళ్లు తాగి పోయినాడు. దేశమంత ఎద్దయితే దానికి ఆడ మేత యాడిది? మన సీమలో నాలుగు కాళ్ల ఎద్దులకే సొప్ప కరువయి శానా అగచాట్లు పడతాండాము.

ఇంకొక మాట. ఆ గ్రహం పేరు మా ఇంట్లో గట్టిగా ఎత్తొద్దు. నాగలక్ష్మి జాతకంలో కుజదోషం ఉండాదని నీకు తెలుసు గదా. జమ్మలమడుగు సంబంధం అన్నీ కుదిరినాక ఆ పిల్లోని తల్లికి ఎవరో ఈ మాట చెప్పినారు. కుజదోషం పిల్లను చేసుకుంటే కొడుకు దక్కడని ఆయమ్మ వెనక్కి పోయింది. పిల్లోనికి ఇష్టమే, మన పిల్లకూ ఇష్టమే. నాగలక్ష్మి పైకి ఏమీ అనదు. సంకటి ముద్ద మాత్రం సగం తిని లేస్తాది.

మంచి మాట కూడా ఒకటి చెప్తా. రోడ్డుకు కంకర కొట్టి తోలే గుత్తపని మీ బావకు దొరికింది. ఈ కరువులో ఇంటి ముందరే పని అంటే దేవుడు పంపినట్లే. జాజుగుట్టలోనే కొడతారంట. చవితి అయినాక మందు పెట్టి ముందర ఆ గుండునే పేలుస్తారు, బండ్ల దారికి దగ్గరగా ఉండాది గదా. నీకు నకలు కావాలంటే బిన్నా తీయించుకోవాల.

మీ ఇంట్లో అందరూ బాగుండారా అని నేనే అడుగుతాండా.

అక్క,
తిరుపతమ్మ


కర్నూలు,
22-8-1956.

అక్కా,

మేము బాగున్నాము, నీ మరదలు బాగుంది, కర్నూలు బాగుంది. చాలా?

నువ్వు రాసిన నాలుగో పేరా మళ్లీ మళ్లీ చదివాను. ఆ గుండునా? జాజుగుట్టలో రాళ్లకేం కరువు, బావకు ఆ గుండే దొరికిందా? అక్కా, అలాంటి బొమ్మలున్న రాళ్లు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయట. హెడ్మాస్టరు గారు ఈ ముక్క వినగానే కుర్చీలోంచి లేచారు. "రాయి పోతే మళ్లీ ఎవరు గీస్తారయ్యా" అన్నారు. సర్కారుకు అర్జీ పెడదామంటే రాజధాని మారుతోంది కదా, ఇక్కడ ఆఫీసులన్నీ హైదరాబాదుకు పోయే తొందరలో ఉన్నాయి. ఏ గుడారం కింద చూసినా కాగితాలు పెట్టెలకెక్కుతున్నాయి. మన అర్జీ ఎవరు చదువుతారు?

బావను ఎట్లాగైనా ఆపు. ఇంకో వైపు నుంచి కొట్టుకోమను. కాళ్లు పట్టుకుంటున్నానని చెప్పు.

ఆడమనిషి కనిపించిందంటే బొమ్మను తలకిందులుగా పట్టుకున్నావన్నమాట. తెల్లబొట్టు పైకి రావాలి. నేను దుర్భిణిలో ఎట్లా కనిపిస్తే అట్లాగే గీశాను. దుర్భిణి ఏదైనా తలకిందులుగానే చూపిస్తుంది, అది దాని స్వభావం. తెల్లబొట్టు పైకి పెట్టి చూడు, కొమ్ములు అవే లేస్తాయి.

నకలు, అక్కా. మందు పెట్టేలోపల నకలు.

గోపన్న


గుట్టకిందపల్లె,
29-8-1956.

గోపన్నా,

దుర్భిణి తలకిందులుగా చూపిస్తే నువ్వు తలకిందులుగానే గీస్తివి. ఆ బొమ్మను నేను తలకిందులుగా పట్టుకుంటే అది సక్కగా అయినట్లే గదా? అంటే సక్కగా చూసింది నేను. పెద్ద బళ్లో పంతులువి, ఆ మాత్రం లెక్క తెలీదా నీకు?

సరే, నవ్వులాట పక్కన పెడతా. మా ఊళ్లో ఏమయిందో నువ్వు వింటే నీ ఎద్దును మరిచిపోతావు.

నాకు మోకాలు వాచి గుట్ట ఎక్కలేక నకలుకు నాగలక్ష్మిని పంపినా. ఆ పిల్ల ఎప్పుడూ ఆ గుండు కాడికి పోయింది లేదు. బొమ్మ యా పక్క ఉండాదో తెలీక, నువ్వు పంపిన కుజుడి బొమ్మ ఒక చేతిలో, ఎర్ర పెన్సిలు ఒక చేతిలో పట్టుకొని గుండు చుట్టూ తిరిగింది. ఒకసారి కాదు, శానాసార్లు. చూరు కిందికి వంగి చూడాలని దానికి శానాసేపటికి గాని తోచలేదు. నిన్న ఏ వారం? మంగళారం. అది కట్టుకున్నది ఎర్రచీర. గుట్ట కింద చెనిక్కాయ చేన్లో కలుపు తీసే ఆడోళ్లు అంతా చూస్తాండారు.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. "నాగలక్ష్మి కుజదోషానికి ప్రదక్షిణం చేసింది. కుజుడి పటం కర్నూలు నుంచి టపాలో వచ్చిందంట. ఆయన గురుతు ఆ గుండు కింద ఉండాదని వాళ్ల గోపన్న బావ దుర్భిణి పెట్టి చూసి కనుక్కున్యాడంట." ఒకామె వచ్చి నన్నే అడిగింది, "ఏమమ్మా తిరుపతమ్మా, ఎన్ని తిరగాల, ఏం పెట్టాల, మా పాపకు కూడా దోషముండాది" అని. ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమన్నట్లు ఉండాది వీళ్ల పని. నేను కాదు కాదని చెప్పినా. చెప్పేకొద్దీ దాస్తాండానని అనుకున్యారు.

మీ బావకు నీ మాట చెప్పినా. "ఏమ్మే, మీ తమ్మునికి ఆకాశంలో ఎద్దు కనపడితే నా కంకరకు ఏం సంబంధం? నక్క యాడ, నాగలోకం యాడ" అన్నాడు. అరిచినాడు. ఆ గుండు వదిలి పక్కన కొట్టమంటే బండ్లు పోవని చెప్పినాడు. ఆయప్పది కూడా బతుకుతెరువే గదరా, నేను ఎంతని పోరాడేది.

నకలు ఇందులో ఉండాది. నాగలక్ష్మి చెయ్యి వణకలేదంటే నువ్వు నమ్మల్ల.

తిరుపతమ్మ


కర్నూలు,
3-9-1956.

అక్కా, అక్కా,

నకలు చేరింది. నాగలక్ష్మి చేతికి బంగారు కడియం వెయ్యాలి. ఎంత నికార్సయిన గీత! మూపురం దగ్గర ఆ వంపు చూశావా? ముందు కాళ్ల దగ్గర మూడు చుక్కలు, నేను మరిచేపోయాను. నా కుజుడి బొమ్మ తీసి చూస్తే అక్కడా ముందు మూడు మచ్చలు ఉన్నాయి. నేను వాటిని ఏదో చేతి తడి అనుకుని వదిలేశాను. అన్నం ముందు కూర్చుని కూడా ఈ రెండు కాగితాలే చూస్తున్నానని నీ మరదలు కంచం లాగేసింది.

హెడ్మాస్టరు గారు రెండూ కిటికీకి ఆనించి, వెలుతురులో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. తర్వాత మెల్లగా ఒక మాట అన్నారు. "గోపన్నా, ఒక అనుమానం. నువ్వు మొదట నేర్చుకున్న గీత ఇది. నీ చేతికి మచ్చలు ఇస్తే అది దీన్నే గీస్తుందేమో." నాకు కోపం వచ్చింది, దాచుకున్నాను. "మీరే చూడండి సార్, ఆ ముఖం మళ్లీ మనవైపు తిరిగినప్పుడు మీ కళ్లతో చూడండి" అన్నాను. చవితి దాటిన వారంలో చూస్తామన్నారు. చూశాక వ్యాసం రాస్తారు. అచ్చులో పడితే ఆ గుండు జోలికి ఎవరూ రాలేరు.

మీ ఊరి ప్రదక్షిణాల కథ చదివి బళ్లో పంతుళ్లకు చెప్పాను. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. పోనీలే, తిరిగితే కాళ్లు నొస్తాయి గాని నష్టమేముంది? నువ్వు మాత్రం బావను వదలొద్దు.

గోపన్న


గుట్టకిందపల్లె,
12-9-1956.

ఒరే గోపన్నా,

నవ్వినారా మీ పంతుళ్లు? ఇంగ నవ్వొద్దని చెప్పు. నీ గుండు బతికింది. మందు పెట్టేదానికి గుండుకు తొలిపిన బొక్కల్లోనే ఆడోళ్లు ఊదొత్తులు గుచ్చినారు.

వరసగా చెప్తా విను. పోయిన మంగళారమే పది మంది వచ్చినారు. నిన్న మంగళారం సూడాల, గుట్టకు దారి పడింది. ముద్దనూరు నుంచి, ఎర్రగుంట్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చినారు. కందులు, ఎర్రగుడ్డ, తెంకాయలు. జాతకాలు చూసే మన ఊరి అయ్యవారు కూడా గుట్ట ఎక్కి చూరు కింద వంగి చూసినాడు. "ఇది వృషభం కాదమ్మా, మేషం. పొట్టేలు. కుజుడికి వాహనం పొట్టేలే కదా" అన్నాడు. ఆ మాటతో ఆడోళ్లు గోవిందలు కొట్టినారు. నాకు నవ్వు ఆగలేదు గాని, అంతమంది మొగాలు చూసినాక నవ్వు రాలేదు కూడా. పిల్లకు పెండ్లి కాలేదని కుమిలిపోయే తల్లులు ఇంతమంది ఉండారని నాకేం తెలుసు?

మీ బావ బొక్కలు తొలిపే మనుషులను తీసుకొని పోయినాడు. ఆ మనుషులే సమ్మెటలు కింద పెట్టి దండం పెట్టినారు. ఈయప్ప అరిచినాడు, ఎగిరినాడు. అప్పుడే జమ్మలమడుగు నుంచి మనిషి వచ్చినాడురా. పిల్లోని తల్లి కబురు చేసింది. "నాగలక్ష్మి కుజుడి గుండు చుట్టూ ముందుగా తిరిగి ఊరికే దారి చూపించిందంట గదా, దోషం పోయినట్లే, కార్తీకంలో ముహూర్తం పెట్టుకుందాం" అని. మీ బావ సమ్మెట కట్టెకు ఆనుకొని అట్లే నిలబడిపోయినాడు. తన చెల్లెలి పెండ్లిని తనే మందు పెట్టి పేలుస్తాడా? ఇప్పుడు గుట్టకు అవతల పక్క దారి కొట్టుకొని ఆడ రాళ్లు తీస్తాండాడు. ఖర్చు పెరిగిందని సణుగుతాడు, చెల్లెలు ముద్ద మొత్తం తింటాండాదని నవ్వుతాడు.

నాగలక్ష్మి సంగతి ఏం చెప్పేది. పాట పాడుకుంటా ఇల్లు అలుకుతాండాది.

నీ ఎద్దు బాగానే ఉండాది. కనపడదు, అంతే. పసుపు మెత్తి, నూనె రాసి, కుంకుమ పెట్టి చూరంతా పచ్చగా చేసినారు. అంగుళం మందం ఉంటాది.

నీ దుర్భిణి సంగతి రాయి.

తిరుపతమ్మ


కర్నూలు,
20-9-1956.

అక్కా,

నాగలక్ష్మి సంబంధం కుదిరినందుకు సంతోషం. నిజంగా సంతోషం. ఇంకేమీ సంతోషం లేదు.

మొన్న హెడ్మాస్టరు గారు, మరి నలుగురు పంతుళ్లు మిద్దె ఎక్కారు. మబ్బు లేదు, గాలి లేదు. కుజుడు ఇంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. దుర్భిణి తిప్పి ముందు నేనే కన్ను పెట్టాను. ఏమీ లేదు. మూపురం లేదు, కొమ్ములు లేవు, అసలు ఏ మచ్చా లేదు. పసుపుపచ్చగా, నున్నగా, ఒట్టి ఉండ. అద్దం తుడిచాను, మళ్లీ తుడిచాను. ఒక్కొక్కరూ చూసి పక్కకు జరిగారు. ఒకాయన "ఎద్దు మేతకు పోయినట్టుంది" అన్నాడు. పొద్దున బళ్లో నల్లబల్ల మీద ఎవరో ఎద్దు పలుపు మాత్రం గీసిపెట్టారు.

నిన్న హెడ్మాస్టరు గారే సంగతి తెలుసుకున్నారు. కుజుడి మీద పెద్ద దుమ్ము లేచిందట. గ్రహం మొత్తాన్ని కప్పేసిందట. పెద్ద పెద్ద దుర్భిణులు ఉన్నవాళ్లకూ ఏమీ కనిపించడం లేదట. నా తప్పు లేదని నలుగురి ముందూ చెప్పారు. అయినా ఎవరూ నవ్వడం మానలేదు.

ఆ దెబ్బ మీద నీ ఉత్తరం. పసుపు మెత్తారా? నూనె రాశారా? అన్ని వేల ఏళ్లు ఎండకూ వానకూ ఓర్చుకున్న గీతను ఒక్క నెలలో పూడ్చేశారా? నేను నష్టమేముంది అని రాశాను కదా, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

హెడ్మాస్టరు గారు ఒక దారి చూపించారు. "కుజుడి సంగతి పోనీ గోపన్నా. నకలు చూశాను, ఆ రాయి మీద నాకు నమ్మకముంది. దసరా సెలవుల్లో నన్ను తీసుకుపో. చూసి, ఫొటో తీయించి, పత్రికకు రాస్తాను" అన్నారు. వ్యాసం మొదలుపెట్టారు కూడా. అందులో నా పేరు ఉంది. ఆయన వచ్చేలోగా పసుపు కడిగించు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ. గీకొద్దు. ఎద్దు కనిపించాలక్కా. లేకపోతే ఈ ఊళ్లో నాకు తలెత్తుకునే దారి లేదు.

గోపన్న


గుట్టకిందపల్లె,
26-9-1956.

నాయనా గోపన్నా,

నీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. నిన్ను నవ్వినోళ్ల నోళ్లు పడిపోను. ఈ ఉత్తరంలో ఎగతాళి చెయ్యను, చెప్పాల్సింది చెప్తా.

పసుపు కడిగేది పెద్ద పని కాదు. పొద్దున్నే పోతే ఎవరూ ఉండరు. కాని కడిగినాక ఏం కనపడతాది? ఎద్దు కనపడతాది. పొట్టేలికి కొమ్ములు చుట్టుకొని ఉంటాయి, దీనికి నిటారుగా ఉండాయి. మూపురం ఉండాది. ఈ దేశంలో ఎద్దు ఏదో పొట్టేలు ఏదో తెలీనోళ్లు ఎవరుండారు? అయ్యవారు పసుపు మెత్తకముందు చీకట్లో చూసి ఏదో అన్నాడు, జనం నమ్మినారు. వెలుతుర్లో కడిగి పెడితే ఎవరు నమ్ముతారు? కుజుడూ లేడు, వాహనమూ లేదు, అది ఎవరో మేకలోడు గీసిన ఎద్దు అంటారు. ఆ మాట జమ్మలమడుగు పోయేదానికి ఒక పూట చాలు. ఆ తల్లి ఇంగ మొగం కూడా చూడదు. నీ హెడ్మాస్టరు మంచోడే, కాదనను. ఆయన రాసేది అచ్చులో పడితే జమ్మలమడుగులో చదవరా?

ఇంకొకటి. జనం రాకపోతే మీ బావ సంగతి నాకు తెలుసు. అవతల పక్క నష్టానికి కొడతాండాడు. మళ్లా ఆ గుండు మీదికే వస్తాడు. మీ పత్రిక వచ్చేలోపల అది కంకరయి రోడ్డు మీద ఉంటాది.

ఇంత చెప్పి కూడా, కడగొద్దని నేను చెప్పను. నాకు తమ్ముడంటే నువ్వు ఒక్కడివే. మోకాలు నొచ్చినా నిన్న గుట్ట ఎక్కినా. పసుపు మీద చెయ్యి పెట్టి చూసినా. కింద మన ఎద్దు ఉండాదని నాకు తెలుసు గదా, అదే చాలనిపించింది నాకు. నీకు చాలదని కూడా తెలుసు. నువ్వు కడగమంటే కడిగిస్తా, కాదంటే లేదు. ఒక్క మాట రాయి. కింద నాగలక్ష్మి రెండు ముక్కలు రాస్తానంటాది, రాయనీ.

తిరుపతమ్మ

గోపన్న బావకు నమస్కారం. వదిన నాకు ఉత్తరం చదివి వినిపించింది. కడగాలంటే వేరే ఎవరూ వద్దు, నేనే కడుగుతాను. ఆ బొమ్మను కాగితం మీదికి ఎత్తింది నేనే, అది ఎద్దని నాకు మొదటి నుంచి తెలుసు. తెలిసి కూడా జమ్మలమడుగు వాళ్లు వస్తే నోరు మూసుకున్నాను. మీరు నా మీద కోపం పెట్టుకోవద్దు. నాకు ఆయన అంటే ఇష్టం.
నాగలక్ష్మి


కర్నూలు,
3-10-1956.

అక్కా,

కడగొద్దు.

ఈ ఒక్క మాట రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. రెండుసార్లు కడగమని రాసి చించేశాను. నాగలక్ష్మి రాసిన రెండు ముక్కలు చదివాక మూడోసారి రాయలేకపోయాను.

హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. గుండు మీద పసుపు ఉంది కాబట్టి ఇప్పుడు వద్దు సార్ అంటే ఆయన వినే మనిషి కాదు. తనే బుట్టలో గుడ్డలు సర్దుకుని బయలుదేరతారు. అందుకని ఇంకో మాట చెప్పాను. "ఆ గుట్ట మీద ఏ బొమ్మా లేదు సార్. కుజుడిలో ఏదో కనిపించిందనే ఉత్సాహంలో నేనే కల్పించాను" అన్నాను. ఆయన నకలు తీసి నా ముందు పెట్టారు. "మరి ఇది?" అన్నారు. "అదీ నేనే గీశాను" అన్నాను.

దావీదురాజు గారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ నకలును చాలాసేపు చూసి, "ఇంత మంచి గీత అబద్ధం ఎట్లా చెప్పిందయ్యా" అన్నారు. వ్యాసం కాగితాలు మడిచి సొరుగులో వేసుకున్నారు. తర్వాత చెయ్యి చాపారు. దుర్భిణి పెట్టె తాళంచెవి ఇచ్చేశాను. ఇప్పుడు కుజుడి మీద దుమ్ము అణుగుతోందో లేదో నాకు తెలియదు, ఎవరినీ అడగను కూడా. బళ్లో మాత్రం నవ్వులు ఆగిపోయాయి. అబద్ధాలకోరుతో ఎవరు నవ్వుతారు?

బాధగా ఉందా అని నువ్వు అడుగుతావు. ఉంది. నాకు గీత నేర్పినదాన్ని నా నోటితోనే లేదని చెప్పాను. కానీ అక్కా, ఆ గది నుంచి బయటికి వచ్చి మెట్లు దిగుతూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. గుండు నిలబడుతుంది, పెళ్లి జరుగుతుంది, ఎద్దు ఆ పసుపు కింద క్షేమంగా ఉంటుంది. ఇన్ని రోజులూ ఇదే కదా నేను అడిగింది.

కార్తీకంలో నేనూ నీ మరదలూ ముందురోజే వస్తాము. పెళ్లి అరుగు మీద బొమ్మలన్నీ నేనే వేస్తాను, ఇంకెవరికీ చెప్పొద్దని బావతో చెప్పు. జమ్మలమడుగు వియ్యపురాలు గుట్ట ఎక్కి చూడాలంటే ఎక్కనివ్వు. ఎప్పుడన్నా ఎవరికన్నా అనుమానం వస్తే భయపడొద్దని నాగలక్ష్మికి చెప్పు. కర్నూల్లో డ్రాయింగు మాస్టరు ఉన్నాడు, బొమ్మలు తెలిసినవాడు, చిన్నప్పటి నుంచి దాన్ని చూసినవాడు, ఆయన చెప్పాడని చెప్పమను. అది పొట్టేలే.

గోపన్న